సిమెంటు పూస్తే పొయ్యి నిలవదు

గ్యాస్ వచ్చి ఎన్నేళ్లయినా ఉద్దానం పల్లెల్లో చాలా ఇళ్ల పెరట్లో కట్టెల పొయ్యి ఇంకా ఉంది. వేన్నీళ్లు కాగేది, పండక్కి అరిసెల పాకం పట్టేది దాని మీదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కరెంటు స్తంభాలనూ కొబ్బరి చెట్లనూ పడగొట్టినప్పుడు అలాంటి పొయ్యి ఉన్న ఇల్లు అన్నానికి తడుముకోలేదు.

వాడేకొద్దీ ఈ పొయ్యి లోపలి గోడ నెర్రెలిస్తుంది. వెంటనే ఇంటి పనికి మిగిలిన సిమెంటు కలిపి పులిమేస్తారు. కొద్ది రోజులకే అది పెచ్చులూడుతుంది. సిమెంటు గట్టిపడేది నీటిని తనలో కట్టేసుకుని. నాలుగైదు వందల డిగ్రీల వేడికి ఆ నీరు విడిపోతుంది. కట్టెల మంట నడిమి వేడి అంతకన్నా ఎక్కువే. చల్లారాక ఆ సిమెంటు గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, పిండిలా రాలుతుంది. టెక్కలి గ్రానైట్ ముక్క పెట్టినా అంతే: అందులోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బి రాయి చిట్లుతుంది.

ముందు పొయ్యిని పూర్తిగా చల్లారనిచ్చి బూడిద తీసేయండి. గోడను వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగిన చోటల్లా మట్టి వదిలేసిందని లెక్క. అక్కడ గట్టి గోడ తగిలేదాకా చెక్కేయాలి. పాత సిమెంటు ఉంటే మొత్తం పోవాల్సిందే. జీడి తొక్కలు కాల్చే పొయ్యి అయితే జిగట మసి కూడా గీకాలి, లేకపోతే కొత్త మట్టి పట్టదు. ఆ మసిలో జీడి నూనె ఉంటుంది, చేతులకు గుడ్డ చుట్టుకోండి.

మంట నేరుగా తగిలే అడుగుకూ పక్కలకూ ఫైర్ బ్రిక్ పెట్టుకోవడం మంచిది. విశాఖ ఉక్కు కర్మాగారం కొలుముల లోపల వాడే ఇటుకల జాతి ఇది. సాధారణంగా 230 మిల్లీమీటర్ల పొడవు, 115 వెడల్పు ఉంటుంది. నీళ్లలో ఒకసారి ముంచి తీసి, ఫైర్ క్లేని గట్టి పెరుగులా కలిపి పలచగా రాసి అతికించాలి. సందు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. మందంగా పూస్తే బలమనుకోవడం మన తాపీ పనిలో అలవాటు. ఇక్కడ మందమైన సందే ముందు పగులుతుంది.

ఇటుక వెనకా పైనా మట్టి పనే. పుట్టమన్ను జిగట, బాగా పనికొస్తుంది. పాడుబడిన పుట్ట చూసుకోండి, నాగుల చవితికి పాలు పోసే పుట్ట జోలికి పోవద్దు. మన్ను జల్లించి రాత్రంతా నానబెట్టి కాళ్లతో తొక్కాలి. జిగటను బట్టి ఒకటికి ఒకటి నుంచి రెండు వంతుల ఇసుక కలుస్తుంది. ఎంతన్నది మన్నే చెబుతుంది: అరచేతంత బిళ్ల చేసి ఎండబెట్టండి; నెర్రెలిస్తే ఇసుక చాలలేదు, వేలితో రుద్దితే రాలిపోతే ఎక్కువైంది. వెనక పొరకు మాత్రం గుప్పెళ్లతో ఊక వేయండి. వేడికి ఊక కాలి సన్నని ఖాళీలు మిగులుతాయి, వేడి అంతగా బయటికి పోదు. మంట వైపు పొరలో వేస్తే అదే గోడను గుల్ల చేస్తుంది.

పాత గోడను తడిపి, మట్టిని ముద్దలుగా విసిరి కొట్టి, అరచేతితో అదమాలి. పాత్ర అడుగుకూ పొయ్యి అంచుకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండేలా గడ్డలు నిలబెట్టండి, పొగకు దారుంటుంది.

బేగి ఆరాలని ఎండలో పెట్టడం, మంట వేయడం రెండూ తప్పే. మొదటి రోజు తడి గోనె కప్పండి. తర్వాత నీడలో వారం, పది రోజులు. సన్నని గీతలు కనబడితే తడి చేత్తో రుద్దేస్తే మూసుకుంటాయి. లోపల తడి ఉండగా పెద్ద మంట వేస్తే నీరు ఆవిరై గోడ పొరను పగలగొట్టుకుని వస్తుంది. అందుకే మొదట పుల్లలతో అరగంట మంట, మర్నాడు ఇంకాస్త, ఆ తర్వాతే సరుగుడు కట్టె. పేడతో అలకడం అన్నిటికన్నా చివర, అదీ బయటి వైపే.

పొయ్యి మీది పాక తాటాకుదైతే, మొదటి పెద్ద మంట రోజున పక్కన బిందెడు నీళ్లు ఉంచుకోండి.