స్మిత్ అనే ఇంటిపేరు : పుట్టుక, అర్థము, వ్యాప్తి

అర్థశాస్త్రము చదివే విద్యార్థికి ఆడం స్మిత్ పరిచితుడు. భారతదేశ చరిత్ర చదివేవారికి విన్సెంట్ స్మిత్ పేరు తెలియనిది కాదు. ఇస్లాం మతచరిత్రను అధ్యయనము చేసేవారు విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ రచనలను తప్పక చూస్తారు. మొదటివాడు స్కాట్లండు దేశస్థుడు, రెండవవాడు ఐర్లండులోని డబ్లిన్ నగరములో జన్మించినవాడు, మూడవవాడు కెనడావాసి. ఈ ముగ్గురికీ ఇంటిపేరు ఒక్కటే కాని వంశము ఒక్కటి కాదు. సంబంధము లేని లక్షలాది కుటుంబాలకు ఒకే ఇంటిపేరు ఎట్లు సంక్రమించినది? ఇంటిపేరును బట్టి మనిషి పుట్టుకను నిర్ణయించవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకడమే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇంటిపేర్ల ఆవిర్భావము

ప్రాచీన ఇంగ్లండులో మనిషికి సాధారణముగా ఒక్కటే పేరు ఉండేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత విలియం, రాబర్ట్, రిచర్డ్, జాన్ వంటి కొద్దిపాటి పేర్లే దేశమంతటా వ్యాపించినవి. ఒకే గ్రామములో నలుగురు జాన్‌లు ఉన్నప్పుడు ఏ జాన్ అని విడమరచి చెప్పక తప్పలేదు. రాజోద్యోగులు పన్నుల పట్టీలు వ్రాయడానికీ, భూమిపై హక్కు తండ్రి నుండి కొడుకుకు సంక్రమించినదని చూపడానికీ రెండవ పేరు అవసరమైనది. అట్లు ఏర్పడిన పేర్లను పండితులు నాలుగు తరగతులుగా విభజించినారు. తండ్రి పేరును బట్టి వచ్చినవి మొదటి తరగతి. జాన్సన్ అనగా జాన్ కుమారుడు. నివాసస్థలమును బట్టి వచ్చినవి రెండవవి. హిల్, వుడ్ ఇట్టివి. రూపమును, గుణమును బట్టి వచ్చినవి మూడవవి. బ్రౌన్, లాంగ్, ఆర్మ్‌స్ట్రాంగ్ వీటికి ఉదాహరణలు. వృత్తిని బట్టి వచ్చినవి నాలుగవవి. టేలర్, మిల్లర్, కుక్, స్మిత్ ఈ తరగతిలోనివి.

మొదట ఇవి ఇంటిపేర్లు కావు, కేవలము గుర్తింపు పేర్లు. కమ్మరి కొడుకు రొట్టెలు కాల్చి అమ్మితే అతడు బేకర్ అయ్యేవాడు. కాలక్రమమున ఆ పేరు వృత్తిని వదలి వంశమును పట్టుకొన్నది. 1377, 1379, 1381 సంవత్సరాలలో విధించిన తలపన్ను పట్టీలు వ్రాసేనాటికి రెండవ పేరు ఇంగ్లండులో సామాన్యులకు కూడ అలవాటైనది. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోను నామకరణములు, వివాహములు, ఖననములు నమోదు చేయవలెనని ఆజ్ఞాపించినాడు. దీనితో ఇంటిపేర్లు మరింత స్థిరపడినవి.

పదార్థ విచారణ

స్మిత్ పదము ప్రాచీన ఆంగ్లములోనిది. లోహమును కాల్చి, సుత్తితో సాగగొట్టి పనిముట్లు చేసేవాడని దీని అర్థము. 'కొట్టు' అనే అర్థముగల స్మైట్ అనే క్రియ నుండి ఇది పుట్టినదని కొందరు తలచినారు. ఉచ్చారణలోని పోలికను చూచి కల్పించిన వ్యుత్పత్తి ఇది. భాషాశాస్త్రజ్ఞులు దీనిని అంగీకరించరు. జర్మానిక్ భాషలలో ఈ పదమునకు మూలార్థము చేతిపనివాడు అని. ఐస్లాండిక్ భాషలో నేటికీ వడ్రంగిని ఇదే పదముతో 'చెట్టు స్మిత్' అనే అర్థము వచ్చునట్లు పిలుస్తారు. పనివాడు అనే విస్తృతార్థము ఆంగ్లములో క్రమముగా లోహపు పనివానికి పరిమితమైనది. మన దేశములోను ఇట్టి పదము ఉన్నది. వైదిక సంస్కృతములో లోహకారునికి కర్మార అని పేరు. పాళీలో అది కమ్మార. మన కమ్మరి పదమును ఈ వరుసలోనే చూడవలె.

ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి కారణము గ్రామజీవనములో ఉన్నది. నాగటికర్రు, కొడవలి, గుర్రపు నాడా, తలుపు బందు, కత్తి, ఈటె అన్నిటికీ కమ్మరి కొలిమియే ఆధారము. అందుచేత కమ్మరి లేని ఊరు అరుదు. అంతేకాదు, ఊరిలో దున్నేవారు అనేకులు ఉన్నప్పుడు 'దున్నేవాడు' అంటే ఎవరో తెలియదు. కమ్మరి ఒకడో ఇద్దరో గనుక ఆ మాట చాలు, మనిషి గుర్తుకు వస్తాడు. ప్రతి ఊరిలో ఉండడము, ఊరికి కొద్దిమందే ఉండడము అనే రెండు లక్షణములూ కలిసినందువల్ల వేలాది గ్రామములలో ఈ పేరు విడివిడిగా పుట్టినది. కనుక స్మిత్‌లందరికీ మూలపురుషుడు ఒక్కడు లేడు.

రూపభేదములు, సోదరనామములు

స్మిత్, స్మైత్ అనే రూపములలో రెండవది గొప్ప కులీనతకు చిహ్నమని కొందరు భావిస్తారు. మధ్యయుగపు వ్రాతలో ఆ రెండు అచ్చులనూ ఒకదానికి మారుగా ఒకటి వాడేవారు గనుక అది వ్రాతభేదమేగాని వంశభేదము కాదు. గోల్డ్‌స్మిత్ బంగారుపని చేసేవాడు. ఆరోస్మిత్ బాణపు ములుకులు చేసేవాడు. స్మిత్‌సన్ కమ్మరి కొడుకు.

ఇతర భాషలలో ఈ పేరుకు తోబుట్టువులు ఎన్నో ఉన్నవి. జర్మన్‌లో ష్మిట్, ఫ్రెంచిలో లెఫెవ్ర్, ఇటాలియన్‌లో ఫెరారీ, హంగేరియన్‌లో కోవాచ్, రష్యన్‌లో కుజ్నెత్సోవ్, అన్నిటికీ మూలము కమ్మరమే. అరబ్బీలో ఇనుమును హదీద్ అంటారు. ఆ ధాతువు నుండి వచ్చిన హద్దాద్ అనే ఇంటిపేరు సిరియా, లెబనాన్ దేశాలలో ముస్లిములలోను, క్రైస్తవులలోను కనిపిస్తుంది. పారశీకములో కమ్మరిని ఆహంగర్ అంటారు. ఫిర్దౌసీ షానామాలో జహ్హాక్ అనే క్రూరప్రభువును ఎదిరించి, తన తోలు ఏప్రానునే జెండాగా ఎత్తిన కావె ఒక ఆహంగరే.

బలవంతముగా వచ్చిన పేరు

ఈ పేరు అందరికీ వృత్తి వల్లనే రాలేదు. 1465లో ఇంగ్లండు రాజు నాలుగవ ఎడ్వర్డు కాలమున ఐర్లండులో ఒక శాసనము చేసినారు. డబ్లిన్ చుట్టుపట్ల ఆంగ్లేయుల మధ్య నివసించే ఐరిష్ వారు ఏదో ఒక పట్టణము పేరో, రంగు పేరో, వృత్తి పేరో ఆంగ్లములో ఇంటిపేరుగా పెట్టుకొనవలెనని ఆ శాసనము ఆదేశించినది. వృత్తి నామములకు అందు చూపిన ఉదాహరణలలో స్మిత్ ఒకటి. తరువాతి కాలములో కమ్మరి కొడుకు అనే అర్థముగల మెక్‌గవన్ అనే గేలిక్ ఇంటిపేరుగలవారు అనేకులు దానిని అనువదించి స్మిత్ అనిపించుకొన్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలములో అమెరికాలోని జర్మన్ కుటుంబాలు కొన్ని ద్వేషమునకు వెరచి ష్మిట్‌ను స్మిత్‌గా మార్చుకొన్నవి.

వీటన్నిటికంటె విషాదకరమైనది అమెరికాలోని నీగ్రో బానిసల చరిత్ర. 1850, 1860 జనాభా లెక్కలలో బానిసల పట్టీలు వేరుగా వ్రాసినారు. యజమాని పేరు క్రింద బానిస వయస్సు, లింగము, రంగు ఉండేవి. సాధారణముగా పేరుకు చోటు లేదు. 1865లో బానిసత్వము రద్దయినది. 1870 లెక్కలలో వారందరూ మొదటిసారిగా తమ పేర్లతో నమోదైనారు. చుట్టూ వాడుకలో ఉన్న ఇంటిపేర్లనే వారిలో చాలమంది స్వీకరించినారు. స్మిత్ వాటిలో ఒకటి. 1968 మెక్సికో ఒలింపిక్ క్రీడలలో 200 మీటర్ల పరుగులో స్వర్ణపతకము గెలిచి, జాతివివక్షకు నిరసనగా నల్ల తొడుగు వేసిన పిడికిలిని పైకెత్తిన టామీ స్మిత్ ఇంటిపేరు కూడ ఇదే.

జనసంఖ్య

1853లో ఇంగ్లండు, వేల్సులలో ఇంటిపేర్లను లెక్కకట్టినప్పుడు సుమారు 2,53,600 మందితో స్మిత్ మొదటి స్థానమును, సుమారు 2,42,100 మందితో జోన్స్ రెండవ స్థానమును పొందినవి. అనగా నాడు 73 మందిలో ఒకరు స్మిత్. 1890 నాటి లెక్క ప్రకారము ఐర్లండులో ఇది ఐదవది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2010 జనాభా లెక్కల ప్రకారము 24,42,977 మంది స్మిత్‌లు ఉండిరి. అనగా లక్షకు 828 మంది. రెండవదైన జాన్సన్ 19,32,812 మందికి మాత్రమే ఇంటిపేరు. ఆ స్మిత్‌లలో నూటికి 71 మంది శ్వేతజాతీయులు, 23 మంది నల్లజాతీయులు. ఐదున్నర లక్షలకు పైబడిన నల్లజాతి స్మిత్‌లు ఇంగ్లండులోని ఏ కొలిమి వద్దకో తమ వంశమును లాగికొనిపోజాలరు.

ఉపసంహారము

దీనివల్ల మనము గ్రహింపవలసినవి రెండు. ఇంటిపేరు వంశమునకు సాక్ష్యము కాదు. జయించినవాడు, జయింపబడినవాడు, యజమాని, బానిస, నలుగురూ ఒకే పేరు మోసినప్పుడు పేరునుబట్టి జాతిని, మతమును, యోగ్యతను ఊహించడము అవివేకము. ఇక రెండవది, ఆంగ్లభాషీయ ప్రపంచములో అందరికంటె ఎక్కువమంది ధరించిన ఈ ఇంటిపేరు రాజుదీ కాదు, సేనానిదీ కాదు. బొగ్గుమసితో చేతులు నల్లబడిన ఒక శ్రామికునిది. ఆ శ్రామికుని సంతతిగా చెప్పుకొనడానికి ఎవరూ సిగ్గుపడలేదు. మన విద్యార్థులు హాజరు పట్టీలో పిలిచే ప్రతి పేరు వెనుకను ఇట్టి చరిత్ర ఉండవచ్చును. దానిని ఇంటిలోని పెద్దలను అడిగి తెలిసికొనవలె. తెలిసికొనక ముందే ఆ పేరు గలవానిని తూచరాదు.