ఒక మొక్కు - రెండు అర్థాలు

నవంబరు 2వ తేదీన మనమంతా కుటుంబాలతో సమాధుల తోటకు వెళ్తాం. పూలదండలు వేసి, కొవ్వొత్తులు, అగరువత్తులు వెలిగిస్తాం. తాతగారి సమాధి ముందు మోకరిల్లిన మిమ్మల్ని చూసి ఎవరైనా "వీళ్లు చచ్చినవాళ్లను దేవుళ్లంటున్నారు" అంటే ఎలా ఉంటుంది? ఒకప్పుడు శ్రీసభలోని వారే చైనా క్రైస్తవులను ఆ మాట అన్నారు.

యేసుసభ గురువు మత్తెయో రిచ్చీ 1583లో చైనాలో అడుగుపెట్టారు. అక్కడ ఇంటింటా పెద్దల పేర్లు రాసిన చెక్కపలక ఉండేది. దాని ముందు ధూపం వేసి, నేలకు తల ఆనించేవారు. అదే విధంగా బతికున్న తల్లిదండ్రులకూ, చక్రవర్తికీ వంగేవారు. కనుక ఇది గౌరవమే గాని ఆరాధన కాదన్నారు రిచ్చీ.

తరువాత వచ్చిన డొమినికన్, ఫ్రాన్సిస్కన్ గురువులు ఒప్పుకోలేదు. ఐరోపాలో ధూపం, మోకరింపు గుడికి చెందినవి. పైగా వారు తిరిగింది పల్లెల్లో. పలక ముందు పెట్టిన అన్నం పితరులు వచ్చి తింటారని నమ్మే సామాన్యులను చూశారు. రిచ్చీ స్నేహం పండితులతో. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదని గమనించండి.

దేవుని పేరు మీద కూడా పేచీ వచ్చింది. చైనావారి 'తియెన్' అంటే ఆకాశం, అది దేవుడెలా అవుతుందని ప్రశ్న. మరి మనం "పైవాడే దిక్కు" అంటే మేఘాలకు మొక్కినట్టా?

కాంగ్షీ చక్రవర్తి 1692లో క్రైస్తవానికి స్వేచ్ఛనిచ్చాడు. యేసుసభ వారు అడగగా, ఈ ఆచారాలు కేవలం మర్యాదలని 1700లో తానే వివరించాడు. అయినా 1704లో రోము వాటిని నిషేధించింది. ఆచారాలను ఖండించిన మెగ్రో అనే పీఠపాలకుణ్ణి 1706లో పిలిపించి, గోడమీది నాలుగు అక్షరాలు చదవమన్నాడు చక్రవర్తి. ఆయన పూర్తిగా చదవలేకపోయాడు. మా అక్షరాలే రానివాడు మా ఆచారాలకు అర్థం చెబుతాడా అని కాంగ్షీకి మండింది. (నాకైతే ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది.) 1715 నాటి పోపు గారి ఆజ్ఞను చదివిన తరువాత, 1721లో ఇక సువార్త బోధ వద్దన్నాడు. 1724లో అతని కుమారుడు క్రైస్తవాన్నే నిషేధించాడు.

మన దక్షిణాదిన మదురైలో నోబిలి గారి జంధ్యం, గంధం మీద ఇలాంటి గొడవే నడిచింది. 1623లో పోపు 15వ గ్రెగరి వాటిని అనుమతించారు.

చైనావారికి ఆ అనుమతి 1939 డిసెంబరు 8న గాని రాలేదు. అప్పటికి రిచ్చీ మరణించి 329 ఏళ్లు. 1971లో తైవానులో కార్డినల్ యూ పిన్ గారు చాంద్రమాన కొత్త సంవత్సరాన పెద్దలను స్మరించే ఆచారం ప్రారంభించారు. ఈనాటికీ అక్కడి గుడులలో ఆ రోజున పెద్దల పలక ముందు ధూపం వేస్తారు.