పండుగ డిస్కౌంట్లు – మనం వేయవలసిన లెక్క



మన తెలుగువారికి పండుగ అంటే కొత్త బట్టలు. దసరాకో, సంక్రాంతికో సెలవులు ఇవ్వగానే మనమంతా పెట్టెలు సర్దుకొని ఊళ్ళకు బయలుదేరుతాము. ఇంటి దగ్గర అమ్మానాన్నలు అప్పటికే బట్టల కోసం డబ్బు సర్దుతూ ఉంటారు. సరిగ్గా అప్పుడే టౌన్‌లోని షాపుల ముందు ‘50 శాతం తగ్గింపు’ అని బ్యానర్లు వెలుస్తాయి. మనలో చాలామంది తల్లిదండ్రులు కూలినాలి చేసుకొని బ్రతికేవారే. కాబట్టి ఈ తగ్గింపుల వెనుక ఉన్న లెక్కను చదువుకుంటున్న మనమే తెలుసుకొని వారికి చెప్పాలి.

తగ్గింపు ఎందుకు ఇస్తారు?

ఆషాఢ మాసంలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు. బట్టల షాపులకు గిరాకీ తగ్గుతుంది. శ్రావణంలో కొత్త సరుకు పెట్టాలంటే పాత సరుకు ఖాళీ కావాలి. అందుకే ఆషాఢం సేల్స్ పెడతారు. దసరా, దీపావళికి జనం ఎలాగూ కొంటారు కనుక, తమ దగ్గరే ఎక్కువ కొనాలని పోటీపడి తగ్గింపులు ప్రకటిస్తారు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ ‘బిగ్ బిలియన్ డే’ పెట్టిన తరువాత ఈ సంత సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చింది. వ్యాపారి తన లాభం చూసుకోవడం సహజం. మన లాభం మనం చూసుకోవాలి.

మూడు చిన్న లెక్కలు

1. ‘50 శాతం, దానిపై మరో 20 శాతం’ అంటే 70 శాతం కాదు. 1,000 రూపాయల చీర ముందు 500 అవుతుంది. ఆ 500లో 20 శాతం అంటే 100. చివరకు ధర 400. అంటే మొత్తం తగ్గింపు 60 శాతమే.

2. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’: చొక్కా 300 అయితే 600కు మూడు వస్తాయి. ఒక్కొక్కటి 200 పడుతుంది. కానీ ఒక్క చొక్కా కోసం వెళ్ళినవారికి 300 ఖర్చయ్యే చోట 600 ఖర్చవుతుంది.

3. ‘వడ్డీ లేని వాయిదాలు’: సున్నా వడ్డీ అనేది లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో వసూలు చేస్తుంటారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తెలిపింది. కాబట్టి ఫీజు ఎంతో, నగదుకు ఎంత తగ్గుతుందో ముందే అడగాలి.

అప్పు చేసి కొంటే?

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇది. 5,000 రూపాయల బట్టలు 20 శాతం తగ్గింపుతో 4,000కు వచ్చాయి. 1,000 మిగిలిందని సంతోషిస్తాము. కానీ ఆ 4,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే నెలకు 120 వడ్డీ కట్టాలి. తొమ్మిది నెలలకు 1,080 అవుతుంది. మిగిలిందనుకున్న వెయ్యి వడ్డీకే పోయింది, అసలు అలాగే ఉంది. సంవత్సరానికి లెక్కిస్తే ఈ వడ్డీ 36 శాతం. 20 శాతం తగ్గింపు దాని ముందు ఏపాటిది? అప్పు చేసి పప్పు కూడు వద్దని పెద్దలు ఊరికే అనలేదు.

పాటించవలసిన జాగ్రత్తలు

* ఏమేం కావాలో, ఎంత ఖర్చు పెట్టాలో ఇంట్లోనే కాగితం మీద రాసుకోవాలి. అంతే డబ్బు తీసుకెళ్ళాలి.
* ఎం.ఆర్.పి. అంటే అంతకు మించి అమ్మకూడని ధర మాత్రమే. దానిపై ఎంత తగ్గించారన్నది కాక, అదే వస్తువు పక్క షాపులో ఎంతకు ఇస్తున్నారో చూడాలి.
* ‘ఇంకా రెండే మిగిలాయి’ అంటూ అబద్ధపు తొందర పెట్టడం, మనం కోరని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 రకాల మోసపు పద్ధతులను 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. కనుక తొందరపడవద్దు.
* బిల్లు తప్పక తీసుకోవాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.

మిత్రులారా! పండుగకు కొత్త బట్టలు కట్టుకోవాలని మనకూ ఉంటుంది. అందులో తప్పు లేదు. అయితే ఒక జత చాలు, అప్పు వద్దు అని ఇంట్లో ముందుగా చెప్పవలసింది మనమే. మనం తరగతిలో నేర్చుకున్న శాతాలు, బారువడ్డీ లెక్కలు పరీక్షలో మార్కుల కోసమే కాదు, మన ఇల్లు నిలబెట్టుకోవడానికి కూడా. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఈ లెక్కలు అమ్మానాన్నల ముందు వేసి చూపిద్దాం.