ఒక ఆల్బమ్‌కు ఎన్ని పుట్టినరోజులు



రాక్, జాజ్, జానపద ఆల్బమ్‌ల వార్షికోత్సవాలన్నీ ఒక క్యాలెండర్‌లో రాసుకుని, ఏడాది పొడవునా ఆయా తేదీలలో ఆయా ఆల్బమ్‌లను వినాలన్న, సంగీతం నేర్చుకుంటున్న చిరంజీవి సంకల్పం ఎంతో మెచ్చుకోదగినది. అయితే మొదటి తేదీ రాసుకోకముందే గ్రహించవలసిన సంగతి ఒకటి ఉంది. కళాకారులు స్టూడియోలో కూర్చుని వాయించిన రోజు ఒకటి, కంపెనీ విడుదలగా ప్రకటించిన రోజు మరొకటి, దుకాణంలో కొని శ్రోత ఇంటికి తీసుకువెళ్లిన రోజు ఇంకొకటి కావడం వల్ల, ఏ ఆల్బమ్‌కైనా పుట్టినరోజు ఒక్కటే అని చెప్పడానికి వీలుండదు. పత్రికలు, కంపెనీలు జరిపే వార్షికోత్సవం సాధారణంగా రెండవదానికి సంబంధించినది; సంగీత విద్యార్థి ముందుగా వెతకవలసినది మొదటిదాన్ని.

ఇందుకు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను మించిన ఉదాహరణ దొరకదు. కొలంబియా సంస్థ దానిని విడుదల చేసినది 1959 ఆగస్టు 17న. వాయించినది మాత్రం అదే ఏడాది మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్ 30వ వీధిలో పాత చర్చిని మార్చి కట్టిన స్టూడియోలో. ట్రంపెట్ డేవిస్‌ది, టెనార్ శాక్సోఫోన్ జాన్ కోల్ట్రేన్‌ది, ఆల్టో శాక్సోఫోన్ క్యానన్‌బాల్ ఆడర్లీది, బాస్ పాల్ చేంబర్స్‌ది, డ్రమ్స్ జిమ్మీ కాబ్‌వి. అంతకు ముందే బృందాన్ని విడిచి వెళ్లిన బిల్ ఎవాన్స్‌ను పియానో కోసం డేవిస్ తిరిగి పిలిపించగా, ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ అనే ఒక్క రచనకు మాత్రం వింటన్ కెల్లీ వాయించాడు. స్వరలిపి పూర్తిగా రాసి ఇవ్వకుండా, ఏ స్వరాల పరిధిలో కల్పన సాగాలో తెలిపే రేఖామాత్రపు సూచనలతోనే డేవిస్ పని నడిపించాడని ఎవాన్స్ ఆ రికార్డు అట్ట వెనుక రాశాడు. ‘ఫ్లమెంకో స్కెచెస్’ను రెండుసార్లు పూర్తిగా వాయించారు, మిగిలిన నాలుగు రచనలలో చివరిదాకా సాగిన తొలి ప్రయత్నమే ఆల్బమ్‌లోకి వచ్చింది.

ఇక్కడ ‘మోడల్ జాజ్’ అనే మాటను విడమరచి చెప్పుకోవాలి. 1940లలో రూపుదిద్దుకున్న ‘బీబాప్’ శైలిలో కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరసమూహాలు, చకచకా మారిపోతుంటే వాద్యకారుడు వాటి వెంట పరుగెత్తవలసి వచ్చేది. మోడల్ పద్ధతిలో ఒకే స్వరశ్రేణి చాలాసేపు నిలిచి ఉంటుంది కనుక, అతడు నింపాదిగా స్వరాన్ని ఎంచుకుని, మౌనానికి కూడా చోటిచ్చి, తన కల్పనను పెంచుకోగలుగుతాడు. ‘సో వాట్’ అనే మొదటి రచన 32 బార్ల ఆవృత్తంలో నడుస్తుంది. బారు అంటే తాళానికి కొలత. అందులో మొదటి 16 బార్లు, చివరి 8 బార్లు ‘డి’ ఆధారంగా డోరియన్ అనే శ్రేణిలో ఉండగా, మధ్యనున్న 8 బార్లలో అదే శ్రేణి అర్ధస్వరం పైకి జరుగుతుంది. కర్ణాటక సంగీతం ఎరిగిన చెవికి ఇవి 22వ మేళకర్త అయిన ఖరహరప్రియ స్వరస్థానాలే కాబట్టి, షడ్జమాన్ని కాసేపు పైకి జరిపి మళ్లీ యథాస్థానానికి తెచ్చినట్టు వినిపిస్తుంది. అయితే రాగానికి ప్రాణమైన గమకాలు, సంచారాలు ఇందులో లేవు గనుక దీనిని రాగమనడం సరికాదు. బాస్ ప్రశ్నించినట్టు, మిగిలిన వాద్యాలు రెండేసి స్వరాలతో బదులిచ్చినట్టు సాగిన తరువాత, డేవిస్ ఒంటరి వాదనం అందుకునే చోట జిమ్మీ కాబ్ సింబల్‌పై వేసిన దెబ్బ, దాని రవళి నెమ్మదిగా ట్రంపెట్ కింద కరిగిపోయే తీరు, ఒకటికి పదిసార్లు వినదగినవి.

మార్చి 2కు మరో ప్రాముఖ్యం కూడా ఉంది. ఆ రోజు అసలు టేపు యంత్రం ఉండవలసిన వేగంకంటే కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా నమోదైన టేపును మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పైకి లేస్తుంది కనుక, రికార్డు మొదటి వైపున్న మూడు రచనలూ వాయించిన శ్రుతికంటే ఒకింత హెచ్చుగా దశాబ్దాల తరబడి లోకానికి వినిపించాయి. అదే సమయంలో జాగ్రత్త కోసం నడిపిన రెండవ యంత్రం టేపు సరైన వేగంతో ఉండడం వల్ల, దాని ఆధారంగా 1992లో వెలువడిన పునర్ముద్రణలో ఈ దోషాన్ని సరిదిద్దారు. ఈ రచనలతో కలిసి సాధన చేయదలచినవారు తమ చేతిలోని ప్రతి ఏ కాలపుదో ముందుగా చూసుకోవాలి.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ యాభయ్యవ వార్షికోత్సవపు బాక్స్ సెట్, అంటే డిస్కులు, పుస్తకం కలిపి ఒకే పెట్టెలో అమ్మే ప్రత్యేక సంచిక, 2008లోనే, గడువుకు ఏడాది ముందుగా మార్కెట్‌లోకి వచ్చింది. అమెరికా ప్రతినిధుల సభ 2009 డిసెంబరులో 409 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా, ఈ ఆల్బమ్‌ను గౌరవిస్తూ తీర్మానం చేసింది. ఆనాటికి వాయించినవారిలో మిగిలి ఉన్నది జిమ్మీ కాబ్ ఒక్కడే. 2020లో ఆయనా కన్నుమూశాడు. వార్షికోత్సవం వల్ల జరిగిన నిజమైన మేలు, అట్టమీద చిన్న అక్షరాలలో ఉండిపోయిన ఆ డ్రమ్మరు పేరును కొత్త తరం శ్రద్ధగా పలకడమే.

విడుదల తేదీని కూడా కళ్లు మూసుకుని నమ్మరాదు. బాబ్ డిలన్ ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ 1966 మే 16న వచ్చిందని చిరకాలం అందరూ రాస్తూ వచ్చారు. బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ వచ్చిన రోజు కూడా అదే కావడంతో, రెండు మహత్తర ఆల్బమ్‌లు ఒకే రోజున పుట్టాయన్న అందమైన కథ వ్యాపించింది. ఆధారాలను వెతికి చూసినవారు డిలన్ ఆల్బమ్ తేదీని జూన్ 20గా ఇప్పుడు చెబుతున్నారు. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ విషయంలో బ్రిటన్‌లో అధికారిక తేదీ 1967 జూన్ 1 అయినా, దుకాణాలకు మే 26నే చేరింది; 2017లో యాభయ్యేళ్ల సంచికను విడుదల చేసినది కూడా మే 26ననే.

యాభై అనే సంఖ్య వెనుక అభిమానంతో పాటు చట్టం కూడా ఉంది. ఐరోపాలో రికార్డింగులపై హక్కు 50 ఏళ్లే ఉండగా, 2011లో దానిని 70 ఏళ్లకు పెంచారు. అయితే రికార్డు చేసిన 50 ఏళ్లలోపు విడుదల కానివాటికి ఈ పొడిగింపు వర్తించదు. అందువల్ల 1962 నాటి డిలన్ అప్రకటిత రికార్డింగులను 2012 చివరలో కేవలం వంద ప్రతులుగా ఐరోపాలో విడుదల చేశారు. మరుసటి ఏడాది డిసెంబరులో బీటిల్స్‌వి 59 రికార్డింగులు ఇదే కారణంగా బయటికి వచ్చాయి. వంద ప్రతులతో హక్కు నిలిచింది గాని, సామాన్య శ్రోతకు ఆ సంగీతం అందలేదు. ఇది విచారించదగిన విషయమే.

జానపద సంగీతంలో ఈ తేదీల చిక్కు మరింత లోతైనది, మరింత హృదయాన్ని తాకేది కూడా. మిసిసిపీ రాష్ట్రానికి చెందిన నల్లజాతి రైతుకూలీ జాన్ హర్ట్, గిటారు తీగలను వేళ్లతో మృదువుగా మీటుతూ పాడిన పాటలను 1928లో ఓకే అనే కంపెనీ రికార్డు చేసింది. అవి అంతగా అమ్ముడుపోలేదు, ఆర్థిక మాంద్యం ముంచుకువచ్చింది, అతడు మళ్లీ పొలం పనులకే పరిమితమయ్యాడు. 1952లో హ్యారీ స్మిత్ తన దగ్గరున్న పాత రికార్డులనుంచి 84 ఎంచి, ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’ అనే సంకలనాన్ని వెలువరించినప్పుడు, వాటిలో హర్ట్ పాటలు రెండు చేరాయి. నగరాల యువ గాయకులు ఆ సంకలనాన్నే పాఠ్యగ్రంథంగా చేసుకుని నేర్చుకున్నారు. హర్ట్ తన పాత పాటలలో ఒకదానిలో అవలాన్ అనే తన ఊరి పేరు చెప్పుకున్నాడు. ఆ పేరునే ఆనవాలుగా పట్టుకుని 1963లో ఒక అభిమాని వెళ్లి చూడగా, అతడు అక్కడే సజీవుడై ఉన్నాడు. అదే ఏడాది న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేలమంది ముందు పాడి, 1966లో మరణించేలోగా మళ్లీ రికార్డులు కూడా ఇచ్చాడు.

ఇటువంటి సంగీతాన్ని 1952 అనే ఒక్క అంకె కింద రాసి ఊరుకోవడం అన్యాయం. చిరంజీవి క్యాలెండర్‌లో హర్ట్ పేరు 1928, 1952, 1963 అనే మూడు చోట్లా ఉండాలి. 1928 పక్కన అతడు వాయించిన పాటల పేర్లు, 1952 పక్కన ఏరి కూర్చిన స్మిత్ పేరు, 1963 పక్కన అవలాన్ ఊరి పేరు రాసుకుని, ముందుగా 1928 నాటి పాటతోనే వినడం మొదలుపెట్టాలి.