ఆండీస్ కొండలలో నేతపని

దక్షిణ అమెరికా ఖండపు పడమటి అంచున ఆండీస్ పర్వతములు గోడ కట్టినట్లు నిలిచియున్నవి. ఉత్తరమునుండి దక్షిణమునకు వాని పొడవు సుమారు 7,000 కిలోమీటర్లు. పెరూ దేశమున ఈ పర్వతముల నడుమ కుస్కో అను ప్రాచీన నగరము కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 3,400 మీటర్ల ఎత్తున నున్నది. ఆ నగరమునకు దాదాపు 30 కిలోమీటర్ల దూరమున, ఇంకను ఎత్తైన పీఠభూమిపై చించేరో అను గ్రామము కలదు. అచ్చట పగలు ఎండ చుఱుక్కుమనును. ప్రొద్దు గ్రుంకినంతనే ఎముకలు కొఱుకు చలి మొదలగును. అట్టి చోట మానవునకు తిండి యెంత అవసరమో గుడ్డయు అంతే అవసరము.

ఈ కొండపల్లెలలో నివసించువారు కెచువా భాష మాట్లాడు మూలవాసులు. బంగాళాదుంపలను, మొక్కజొన్నను పండించుటయు, గొఱ్ఱెలను, లామాలను, అల్పాకాలను మేపుటయు వీరి జీవనాధారములు. లామాయు, అల్పాకాయు ఒంటెజాతికి చెందిన జంతువులు. కాని వానికి మూపురముండదు. అల్పాకా ఉన్ని మెత్తగా, వెచ్చగా ఉండును. స్త్రీలు మందను తోలుకొనిపోవునప్పుడు సైతము చేతులకు విరామమీయరు. కొండదారిని నడచుచునే కదురు త్రిప్పుదురు. సంతకు పోవునప్పుడును, ఇరుగుపొరుగువారితో మాటలాడునప్పుడును కదురు తిరుగుచునే యుండును. కెచువా భాషలో ఆ కదురునకు పుష్కా యని పేరు.

బాలికలు పసితనముననే కదురు పట్టుదురు. మొదట వడికిన దారము ఒకచోట లావుగను, ఒకచోట సన్నముగను ఉండును, పలుమాఱు తెగిపోవును. తెగిన కొనను అతికి మరల వడుకుటయే వారికి మొదటి పాఠము. దారము సమముగా వచ్చుటకు కొన్ని యేండ్లు పట్టును. పిదప బాలిక వ్రేలెడు వెడల్పుగల పట్టీని నేయ నేర్చుకొనును. దానిని హకీమా అందురు. ఆ చిన్న పట్టీయే ఆమెకు ఓనమాలు. అందులో ఒక్కొక్క రూపమును అభ్యసించుచు పోయి, కొంతకాలమునకు నడికట్టును, ఆ తరువాత లిక్లా అను శాలువను నేయగలదగును.

ఈ విద్యకు పుస్తకము లేదు. కాగితముపై గీసిన బొమ్మయు లేదు. రూపమంతయు లెక్కలోనే యున్నది. ఈ వరుసలో ఎన్ని పోగులను పైకెత్తవలెను, ఎన్నింటిని క్రిందికి విడువవలెను, తరువాతి వరుసలో ఏ పోగువద్ద మలుపు తిరుగవలెను అను విషయమంతయు నేయువారి వ్రేళ్లకు తెలియును. ఒక్క పోగు తప్పినను రూపము చెడును. అప్పుడు అంతవరకు విప్పి మరల నేయవలసినదే. ఈ రూపములలో ఒకటి మెలికలు తిరుగు గీత. దానిని మాయు కెంకో అందురు. కెచువాలో మాయు అనగా ఏఱు. కెంకో అనగా వంకర. కొండలనుండి వంకలు తిరుగుచు దిగివచ్చు ఏఱు ఆ విధముగా గుడ్డలోనికి వచ్చినది. ఒక్కొక్క గ్రామమునకు తనవైన రూపములును, రంగుల కూర్పులును కలవు. సంతలో ఒక స్త్రీ కప్పుకొన్న శాలువను చూచి, ఆమె ఏ యూరిదో తెలిసినవారు చెప్పగలరు.

మగ్గము చూచుటకు కొన్ని కఱ్ఱలు మాత్రమే. తెలుగుదేశపు చేనేతవారు గుంటమగ్గమున కూర్చుండి, కాళ్లతో తొక్కుడు కఱ్ఱలను నడుపుదురు. ఆండీస్ స్త్రీల మగ్గమునకు తొక్కుడు కఱ్ఱలు లేవు, చట్రమును లేదు. పడుగు యొక్క ఒక కొనను స్తంభమునకో చెట్టునకో కట్టుదురు. రెండవ కొనను నేయు స్త్రీ తన నడుమునకు చుట్టుకొన్న పట్టెకు కట్టుకొనును. ఆమె వెనుకకు వాలినచో పడుగు బిగియును; ముందునకు వంగినచో సడలును. ఆమె దేహమే మగ్గములో ఒక భాగమన్నమాట. ఆనాటి పని ముగిసిన పిమ్మట గుడ్డను కఱ్ఱలకు చుట్టి, చంకబెట్టుకొని యింటికి పోవచ్చును.

పడుగు తీయుట ఇద్దఱి పని. నేలలో పాతిన మేకులకు ఇరుప్రక్కల ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండి, దారపుటుండను ఒకరివైపునకు ఒకరు విసరుకొందురు. నేయునప్పుడు పేకను లామా యెముకతో చేసిన మొనగల పనిముట్టుతో కొట్టి బిగింతురు. ఇట్లు నేసిన గుడ్డలో పడుగు పోగులే పైకి కనబడును. పేక లోపల దాగియుండును. దీనిలో ఇంకొక విశేషము కలదు. గుడ్డకు నాలుగు ప్రక్కలను నేసిన అంచే యుండును. మగ్గమునుండి దానిని కోసి తీయరు; కావలసిన కొలతకే నేయుదురు. కడపట కొన్ని వ్రేళ్ల వెడల్పు మిగిలినప్పుడు మగ్గపు కఱ్ఱలకు చోటు చాలదు. అప్పుడు సూదితో ఒక్కొక్క పేకను దూర్చుచు ఓర్పుతో ముగింపవలెను.

రంగులను కూడ కొండలే యిచ్చుచున్నవి. నాగజెముడు చెట్లపై కోచినీల్ అను సన్నని పురుగులు బూడిద పూసినట్లు పట్టియుండును. వానిని ఏఱి, ఎండబెట్టి, నూఱి నీటిలో కాచినచో చిక్కని ఎఱుపు వచ్చును. ఒక కిలో పొడికి లక్షకు పైగా పురుగులు కావలెను. రంగు దారమునకు పట్టి నిలుచుటకై పటిక చేర్చుదురు. అదే రంగునీటిలో నిమ్మరసము పిండినచో ఎఱుపు నారింజచాయకు తిరుగును. పువ్వులనుండి పసుపును, ఆకులనుండి ఆకుపచ్చను, నీలిమందునుండి నీలమును తీయుదురు. ఏ చెట్టు ఎచ్చట పెరుగును, ఎంతసేపు కాచవలెను అను విషయములు తల్లులనుండి కూతుండ్రకు సంక్రమించిన జ్ఞానము.

ఈ జ్ఞానము నిన్న మొన్నటిది కాదు. పెరూ దేశపు ఉత్తరతీరమున హువాకా ప్రియేటా అనుచోట సుమారు 6,000 సంవత్సరములనాటి ప్రత్తిగుడ్డలు దొరకినవి. వానిలో కొన్ని నీలిరంగు అద్దినవి. అంతవఱకు లభించిన నీలిబట్టలలో అవియే మిక్కిలి ప్రాచీనములని పండితులు 2016లో ప్రకటించిరి. దక్షిణతీరమున పరాకస్ ఎడారిలో 1927లో హూలియో టేయో అను పురావస్తు పండితుని ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకములలో నాలుగు వందలకు పైగా శవపు మూటలు బయల్పడెను. సుమారు రెండువేల యేండ్లనాటి ఆ మృతదేహములను బట్టలతో పొరలు పొరలుగా చుట్టియుండిరి. పొడి యిసుకలో ఉన్నందున ఆ బట్టలపై రంగుదారములతో కుట్టిన పక్షులును, మనుష్యాకృతులును నేటికిని వెలవెలబోక నిలిచినవి.

పదునైదవ శతాబ్దమున కుస్కో రాజధానిగా ఇంకా ప్రభువులు విశాల సామ్రాజ్యమును స్థాపించిరి. వారికి వ్రాతలిపి లేదు. త్రాళ్లకు ముడులు వేసి లెక్కలుంచిరి. ఆ రాజ్యమున నాణెములు కూడ లేవు. సన్నని వస్త్రమే గౌరవమునకు గుర్తు. రాజు తన సేనానులను, సామంతులను వస్త్రములిచ్చి సత్కరించెడివాడు. దేవతలకు వస్త్రములను అగ్నిలో ఆహుతి చేసెడివారు. శ్రేష్ఠమైన వస్త్రమును కుంబీ అనెడివారు. దానిని నేయుటకై నేర్పరులైన స్త్రీలును, పురుషులును ప్రత్యేకముగా నియమింపబడిరి. 1532లో స్పెయిన్ సైనికులు వచ్చి ఇంకా ప్రభువైన అతహువాల్పాను బంధించిరి. వారి కన్నులు బంగారముపై నుండెను. కాని దేశమంతట గుడ్డలతో నిండిన కొట్లను చూచి వారును ఆశ్చర్యపడిరి.

స్పెయిన్ పాలనలో నేతవారు కర్మాగారములలో నిర్బంధముగా పనిచేయవలసివచ్చెను. గొఱ్ఱెయు, తొక్కుడు మగ్గమును ఆ కాలముననే యచ్చటికి వచ్చినవి. 1780లో రెండవ తూపాక్ అమారు నాయకత్వమున మూలవాసులు తిరుగబడిరి. 1781లో అతనిని కుస్కో నగరమున వధించిరి. అంతతో పాలకుల భయము తీఱలేదు. ప్రజలు ఇంకా ప్రభువులనాటి వేషము ధరింపరాదని శాసించిరి. తాతముత్తాతల బట్టను కట్టుకొన్నవాడు వారి గౌరవమును కూడ జ్ఞప్తికి తెచ్చుకొనునని పాలకులు గ్రహించియుండిరి. వేషములో కొంత మాఱెను. స్పానిష్ పద్ధతి పావడాయు, టోపీయు వచ్చి చేరెను. అయినను స్త్రీలు భుజముమీది లిక్లాను విడువలేదు.

శాసనము చేయలేని పనిని ఇరువదవ శతాబ్దమున చౌకబట్ట చేయసాగెను. మిల్లుబట్టలును, రసాయనపు రంగులును కొండపల్లెలకు చేఱినవి. నేసిన శాలువతో పట్టణమునకు పోయిన మూలవాసులను పలువురు చులకనగా చూచిరి. అందుచే పిల్లలు దానిని ధరించుటకు సిగ్గుపడజొచ్చిరి. సంతలో బేరమాడువారికి వారములకొలది చేసిన పనికిని, యంత్రపు పనికిని భేదము తెలియదు; వారిచ్చు వెల ఉన్నిఖరీదునకే చాలకుండెను. కూతుండ్రు నేర్వరైరి, ముదుసలులు ఒక్కరొక్కరుగా గతించుచుండిరి. గుడ్డ మిగిలినను, దానిని నేయు లెక్క వారితోనే పోవుచుండెను.

ఈ యపాయమును గుర్తించినవారిలో నిల్డా కల్యనౌపా అల్వారెజ్ ఒకరు. ఆమె చించేరోలో పుట్టి, చిన్ననాడు గొఱ్ఱెలను కాయుచు వడుకుట నేర్చినది. పెద్దయైన తరువాత చదువుకొని, తన యూరి పెద్దలవద్ద కూర్చుండి పాతరూపములను నేర్చుకొనెను. 1996లో ఆమెయు, మఱికొందఱును కలిసి కుస్కోలో సంప్రదాయ వస్త్రకేంద్రమును స్థాపించిరి. కుస్కో ప్రాంతమునందలి పది గ్రామముల నేతవారు దానితో కలిసి పనిచేయసాగిరి. కేంద్రము చేసిన పని రెండు విధములైనది. మొదటిది, వృద్ధులను గురువులుగా నిలిపి బాలబాలికలకు నేర్పించుట. రెండవది, నేసినవారి పేరుతో గుడ్డలను అమ్మి, పనికి తగిన వెల వారికి ముట్టచెప్పుట. కడుపు నిండని విద్యను ఏ బిడ్డయు చిరకాలము పట్టుకొనియుండదని వారెఱుగుదురు.

పిటుమార్కా గ్రామపు కథ దీనికి నిదర్శనము. సాధారణముగా పడుగు పోగు గుడ్డ ఈ కొననుండి ఆ కొనవఱకు తెగక సాగును. టిక్లా అను పద్ధతిలో అట్లు కాదు. ఒక రంగు పడుగు నడుమ వఱకు వచ్చి, అచ్చట తాత్కాలికముగా కట్టిన అడ్డుదారమువద్ద మఱియొక రంగు పడుగుతో ముడిపడి వెనుకకు మరలును. పని ముగిసిన పిదప అడ్డుదారమును లాగివేయుదురు. రెండువేల యేండ్లక్రితము తీరప్రాంతపు నేతవారు సాధించిన ఈ కష్టమైన నేర్పు పిటుమార్కాలో దాదాపు మఱుగునపడి, కొందఱు పెద్దలకు మాత్రమే తెలిసియుండెను. వారివద్ద యువతులు దానిని నేర్చుకొనిరి. నేడు ఆ గ్రామమున టిక్లా మరల నేయబడుచున్నది. ఇంకొక్క తరము ఆలసించియుండినచో అడుగుటకు మనుష్యులే యుండెడివారు కారు.

పెరూ దేశపు దక్షిణమున టిటికాకా సరస్సు నడుమ తాకిలే అను ద్వీపము కలదు. అచ్చట స్త్రీలు నేయుదురు. పురుషులు సూదులతో టోపీలు అల్లుదురు. టోపీ రంగును, తీరును బట్టి పెండ్లియైనవాడో కానివాడో తెలిసికొనవచ్చును. సంవత్సరములో జరుగు పండుగలను, వ్యవసాయపు పనులను గుర్తులుగా నేసిన నడికట్టు వారికి పంచాంగము వంటిది. ఈ ద్వీపపు వస్త్రకళను యునెస్కో 2005లో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది.

పరాకస్ బట్టలకు వేఱొక కథ కలదు. 1930 ప్రాంతమున వానిలో కొన్ని దొంగతనముగా దేశము దాటి స్వీడన్ లోని గోథెన్‌బర్గ్ నగరమునకు చేఱినవి. పెరూ ప్రభుత్వము కోరగా, ఆ నగరము వానిని తిరిగి యిచ్చుటకు అంగీకరించెను. 2014లో మొదట నాలుగు వస్త్రములు స్వదేశమునకు వచ్చినవి. పాతబడిన ఆ బట్టలు కదలికకు ఓర్వవు గనుక, మిగిలినవానిని మిక్కిలి జాగ్రత్తతో విడతలుగా పంపవలసివచ్చెను.

సొంతగడ్డకు మరలిన ఆ బట్టలు అద్దముల పెట్టెలలో వెలుతురు సోకకుండ భద్రముగా నుండును. అట్లుండవలసినదే. కాని వానిని నేసిన చేతుల పేర్లు ఎవరికిని తెలియవు. వాని లెక్కను పండితులు భూతద్దముతో వెదకి పట్టవలసియున్నది. చించేరోలో హకీమా నేయు బాలికకు భూతద్దముతో పనిలేదు. పోగు తప్పినచో ప్రక్కన కూర్చున్న అవ్వ వ్రేలితో చూపును. బాలిక అంతవఱకు విప్పి, మరల మొదటినుండి లెక్కించును.

ప్రశ్నలు

1. ఆండీస్ స్త్రీల మగ్గమునకును, తెలుగుదేశపు గుంటమగ్గమునకును గల భేదమేమి?
2. 1781లో పాలకులు ఇంకా ప్రభువులనాటి వేషమును ఏల నిషేధించిరి?
3. కుస్కో వస్త్రకేంద్రము చేసిన రెండు పనులేవి? రెండవది లేనిచో మొదటిది ఏల నిలువదు?
4. గుడ్డను భద్రపఱచుటకును, నేతను భద్రపఱచుటకును గల భేదమును పిటుమార్కా కథ ఆధారముగా వివరింపుము.