పాప చెప్పింది... మనం ఎవరికి చెప్పాలి?



ఒక సందర్భం ఊహించుకుందాం. రెండో తరగతి పాప ఒకరోజు తన స్నేహితురాలి అమ్మతో, "ఆంటీ, వ్యాన్ అంకుల్ నన్ను రోజూ చివర్లో దింపుతాడు. ముద్దులు పెడతాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు" అంది. ఆ తల్లి "మనకెందుకులే, వాళ్ల అమ్మానాన్నలు చూసుకుంటారు" అని ఊరుకోవచ్చా?

ఊరుకోకూడదు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరికీ, అంటే అబ్బాయిలకు కూడా వర్తిస్తుంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని దాని 19వ సెక్షన్ అంటోంది. టీచరు, ఆయా, ప్రిన్సిపాల్, పక్కింటివారు, తల్లిదండ్రులు అందరూ ఇందులోకి వస్తారు.

"ముందు స్కూల్లో విచారించుకుంటాం" అనవచ్చా?

నిజానిజాలు తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. స్కూలు తన విచారణ ముగిసేదాకా ఫిర్యాదు ఆపకూడదు. తెలిసీ చెప్పనివారికి 6 నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా.

మన అనుమానం తప్పని తేలితే?

మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. కావాలని కట్టుకథ అల్లినవారికే శిక్ష. పిల్లలకు అదీ లేదు.

పాపను స్టేషన్ చుట్టూ తిప్పుతారా?

పాప ఇంట్లోనే, వీలైనంతవరకు మహిళా ఎస్సై వాంగ్మూలం తీసుకోవాలి. యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట పాపను స్టేషన్‌లో ఉంచకూడదు. పాప వివరాలు మీడియాకు ఎక్కకూడదు. మీరు కూడా క్లాసు వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టకండి.

పిల్లలు చెప్పినప్పుడు

• మధ్యలో ఆపకుండా వినండి. "చెప్పి మంచి పని చేశావు" అనండి.
• గుచ్చిగుచ్చి అడగకండి, మాటలు అందించకండి.
• వాళ్లన్న మాటలను అలాగే తేదీతో రాసుకోండి.
• అనుమానం ఉన్న వ్యక్తిని మీరే వెళ్లి నిలదీయకండి.
• పోలీస్ స్టేషన్‌కు గానీ, 112కు గానీ చెప్పండి. పిల్లల సహాయానికి 1098 ఉంది.

ఆ ఆంటీ విషయానికి వస్తే, ఆమె పాప తల్లిదండ్రులకు చెప్పాలి, మాకూ చెప్పాలి. కానీ అక్కడితో ఆగకూడదు. స్కూలుకు చెప్పేశాం కదా అని మీ బాధ్యత తీరిపోదు. ఫిర్యాదు పోలీసులకు చేరిందో లేదో మమ్మల్ని అడగండి. చేరలేదంటే మీరే చేర్చండి.

పరువు పోతుందని చాలామంది వెనకాడతారు. పరువు పోవలసింది తప్పు చేసినవాడిది, పాపది కాదు. మనం మౌనంగా ఉంటే రేపు సాయంత్రం కూడా ఆ పాప అదే వ్యాన్ ఎక్కాలి.