మిద్దె నీరు, వంక నీరు

కదిరినుండి మదనపల్లెకు పోవు మార్గమున తనకల్లు కలదు. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజించువఱకు ఇది అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. నందికొండలలో పుట్టిన పాపఘ్ని ఈ మండలముగుండ ప్రవహించును. ప్రవహించును అంటిమి గాని, ఏటిలో ఇసుకయే కనబడు దినములు హెచ్చు. ఈ పీఠభూమిలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును.

ఇట్టి కఱవుసీమలో ముంపు భయమెక్కడిదని మీరు శంకింపవచ్చును. 2022 అక్టోబరులో అనంతపురమున నడిమివంక పొంగి పల్లపు కాలనీలను ముంచెను. ఎందఱో ఇండ్లు విడిచిపోవలసి వచ్చెను.

కారణము వాన యొక్కటియే కాదు. నూఱు చదరపు మీటర్ల మిద్దెపై 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో 2,500 లీటర్ల నీరు దిగును. అట్టి మిద్దెలు వేయి యున్నచో 25 లక్షల లీటర్లు! అదే వాన చేనిపై పడినచో కొంత నేలలో ఇంకును, మిగిలినది గట్లకు, గడ్డికి తగులుచు మెల్లగా సాగును. పట్టణమున మిద్దెనుండి సిమెంటు వీథికి, వీథినుండి మురుగుకాలువకు, కాలువనుండి వంకకు కొలది నిమిషములలో ఉఱుకును. ఆ వేగమునకు వంకగట్లు కోసుకొనిపోవును. వీథులలోని చెత్తయు నూనెయు నీటిలో కలియును. వాన వెలసిన పిమ్మట వంక మరల ఎండిపోవును. నేలలో ఇంకి మెల్లగా ఊరి దానిని పోషింపవలసిన నీరు ముందే వెడలిపోయినది గదా! ముంపునకును ఎండకును మూలమొక్కటే. ఎండిన వంక కొందఱి కంటికి ఖాళీస్థలముగ తోచును; అందుచే గట్లపై ఇండ్లు వెలయును, దారి ఇఱుకగును.

పూర్వులు ఈ వేగమును చెఱువులతో అడ్డగించిరి. 14వ శతాబ్దమున బుక్కరాయల కాలమున చిక్కప్ప ఒడెయరు పండమేటికి కట్టవేయించి బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను చెఱువులను నిర్మించెను. పట్టణమునకు పేరు వచ్చినది ఆ అనంతసాగరమువలననే. సీమలో పలుచోట్ల ఎగువచెఱువు నిండినచో మరువపై దుమికిన నీరు దిగువచెఱువును చేరును. నీరు ఇట్లు మజిలీలు చేయుచు పోవును.

నేడు ఇంటింట త్రవ్వు ఇంకుడుగుంట అట్టి చిన్న మజిలీయే. ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గోతిలో వేయి లీటర్లు పట్టును. రాళ్లు నింపినచో అందులో సగముకంటె తక్కువయే నిలుచును. కాని నిలిచినది ఇంకుచుండ మఱికొంత నీరు చేరుచుండును. తనకల్లువంటి ఊళ్లలో పెరటియందు ఇట్టి గోతికి చోటు కలదు. నడిమివంక యొడ్డున ఇండ్ల నడుమ అట్టి చోటు దొరకుట కష్టము.